పాట పలకని స్లయిడు

"మా ఆవిడ గొంతు ఎవులో ఎత్తుకుపోయారండి," అన్నాడు వచ్చినాయన, చేతిలో గొడుగు మూయడం కూడా మరిచిపోయి.

రోజారమణి టైపు చేస్తున్నది ఆపి తలెత్తింది. పెదబాబు గారి దగ్గర సహాయకురాలిగా చేరాక ఆమె పోయిన గేదెల కేసులు చూసింది, పోయిన అల్లుళ్ల కేసులు చూసింది. పెళ్లిపందిట్లో మాయమైన వీడియో కెమెరా జీడితోటలో దొరికిన కేసు కూడా చూసింది. గొంతు పోయిందని మాత్రం ఇంతవరకూ ఎవరూ మెట్లెక్కి రాలేదు.

అది రెండువేల అయిదు, ఆగస్టు నెల. నర్సీపట్నంలో పొద్దుట పట్టిన వాన పట్టినట్టే ఉంది. అబీద్ సెంటరుకి కూతవేటు దూరంలో, సైకిలు షాపు మీది గదిలో పెదబాబు గారి ఆఫీసు. డిటెక్టివ్ అంటే నల్లకళ్లద్దాలూ తోలుబూట్లూ ఊహించుకుని వచ్చేవాళ్లు ఆయన్ని చూడగానే నీరుగారిపోతారు. పొట్టి చేతుల చొక్కా, హవాయి చెప్పులు, నుదుటి మీదికి నెట్టుకున్న కళ్లజోడు. ఇన్సూరెన్సు కంపెనీల తరఫున తగలబడిన గోడౌన్లనీ చచ్చిన ఎడ్లనీ విచారించి విచారించి రిటైరైన మనిషి. ఆయన బుర్ర మాత్రం రిటైరు కాలేదని రోజారమణి ఊళ్లో ఎవరితోనైనా పందెం కాస్తుంది.

"కూకోండి మాస్టారూ," అన్నాడు పెదబాబు. "రోజా, ఆ గొడుగు అందుకో. కింద టీ సెప్పు."

"నేను మాస్టర్నని మీకెలా తెలిసింది?"

"జేబులో ఎర్రపెన్ను పెట్టుకున్నారు గదా. సదువు సెప్పడం మానేసినా తప్పులు దిద్దడం మాననట్టున్నారు."

ఆయన నవ్వలేదు. పేరు జీవరాజు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. సోడాబుడ్డి కళ్లజోడు వెనక కళ్లు మసకగా ఉన్నాయి. శుక్లాలట. భార్య పోయి ఏడాదైంది. మొన్న ఆదివారం సాయంత్రం చర్చిలో ఆమె జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆ చర్చి సంఘంలోని కుర్రాడు కిరణ్ బాబు కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. ఆమె ఫొటోలతో స్లయిడ్లు తయారుచేసి, విశాఖపట్నం నుంచి ప్రొజెక్టరూ లాప్‌టాపూ అద్దెకు తెప్పించి, గోడ మీద తెల్లదుప్పటి కట్టాడు.

"మీ ఆవిడ పేరేటి మాస్టారూ?" అని అడిగాడు పెదబాబు.

జీవరాజు గారు ఒక్క క్షణం తడబడి, జేబులోంచి కూడిక ఆహ్వానపత్రిక తీసి బల్లమీద పెట్టాడు. 'కీర్తిశేషులు కృపాజ్యోతి' అని ఉంది. పెదబాబు దాన్ని చదివి, ఆయన మొహం వైపు చూసి, మళ్లీ పత్రిక వైపు చూశాడు.

"దీనా వాళ్లమ్మ బాగా పాడేదండి. దీనా అంటే మా అమ్మాయి, నాతవరంలో టీచరు. వాళ్లమ్మ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఒకసారి ఇంట్లో పాట పాడితే టేపు రికార్డర్లో పట్టాను. అదొక్క క్యాసెట్టే ఉన్నాది. ఆవిడ పోయాక విందామంటే గుండె ఒప్పుకోలేదు. సంవత్సరీకం నాడు అందరితో కలిసి వింటానని అట్టే పెట్టుకున్నాను. ఆ పాట ఆఖరి స్లయిడుకి పెట్టమన్నాను."

"పెట్టారా?"

"స్లయిడొచ్చింది. మా అమ్మ పాడుతోంది అని పెద్ద అక్షరాలు, నా కంటిక్కూడా ఆనాయి. ఆవిడ బొమ్మ వొచ్చింది. పాట రానేదు." ఆయన బల్లమీది పత్రికను వేలితో సరిచేశాడు. "కిరణు నొక్కుతానే ఉన్నాడు. జనమంతా సూత్తన్నారు. నేను కళ్లు మూసుకుని స్పీకరు పక్కన కూకున్నాను బాబూ. ఎంతసేపు కూకున్నానో నాకే తెలీదు. ఆఖర్కి పాస్టరు గారొచ్చి భుజం మీద చెయ్యేశారు."

"కంప్యూటరు అన్నాక మొరాయిస్తాదండి," అంది రోజారమణి మెల్లగా.

"అలాగే అనుకున్నానమ్మా. ఇంటికెళ్లి క్యాసెట్టన్నా విందామని అలమర తీశాను. అదీ నేదు. కిరణు కంప్యూటర్లో పాటా నేదంట. రెండు సోట్ల నుంచీ మాయమైతే దాన్ని మొరాయించడం అంటారేటి? లెక్కల మాస్టర్ని, నాకామాత్రం తెలీదా?"

ఆయనకొక అనుమానం ఉంది. కరుణకుమారి. కృపాజ్యోతి గారు మంచానపడ్డాక చర్చిలో పాటలు పాడే క్వయర్ ఆమె చేతికి వచ్చింది. మా ఆవిడలాగ పాడేవాళ్లు మళ్లీ రారని జీవరాజు గారు నలుగురిలో అనేవాడు. ఆదివారం లాప్‌టాపు పక్కనే కూర్చున్నది ఆవిడే. ఇప్పుడు సంఘంలో ఆడవాళ్లు ఆమెతో సరిగా మాట్లాడటం లేదు.

"నాకు ఎవుర్నీ శిక్షించొద్దు బాబూ," అన్నాడు లేస్తూ. "ఆ గొంతు ఒక్కసారి వినిపించండి. తరవాత నా కళ్లు పోయినా పరవాలేదు."

రోజారమణి గొడుగు తెచ్చి ఆయన చేతికి అందించింది.

*

కిరణ్ బాబు కంప్యూటర్ సెంటరు బస్టాండు వెనక సందులో ఉంది. అతను స్లయిడ్లు తెరిచి చూపించాడు. అసలీ రంగంలో రోజారమణి తక్కువదేమీ కాదు. ఇక్కడ చేరక ముందు అనకాపల్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో స్లయిడ్లు చెయ్యడం నేర్పేది. వెనక బెంచీవాడికి ఆనని అక్షరం రాయనట్టే లెక్క, ఒక స్లయిడుకి ఒక్క మాట చాలు, కదలడం అవసరమైతేనే కదలాలి అని పిల్లలకి నూరిపోసేది.

కిరణ్ బాబు ఆ క్లాసుకి వచ్చుంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. గులాబీరంగు నేల మీద పసుపు అక్షరాలు. ప్రతి మాటా గిరగిరా తిరుగుతూ వచ్చి టైపుమిషను చప్పుడు చేస్తూ కూర్చుంటోంది. 'పుట్టిన ఊరు కోటవురట్ల' అన్న మాట దూసుకొచ్చి కృపాజ్యోతి గారి పెళ్లిఫొటోలో సరిగ్గా నుదుటి మీద ఆగింది.

"ఎఫెక్టులన్నీ వాడీసాను మేడమ్," అన్నాడు కిరణ్ బాబు సంబరంగా.

"తెలుస్తోంది," అంది రోజారమణి.

పెదబాబు మూతి బిగించుకుని నవ్వు ఆపుకున్నాడు.

ఆఖరి స్లయిడు మాత్రం వేరుగా ఉంది. నల్లటి నేల. ఒక పక్కగా కృపాజ్యోతి గారి ఫొటో, చెంప మీద వెలుతురు పడుతోంది. రెండో పక్క అంతా ఖాళీ. కింద బారెడు తెల్లని అక్షరాలు: మా అమ్మ పాడుతోంది. ఏదీ తిరగలేదు, ఎగరలేదు, చప్పుడు చెయ్యలేదు.

"ఇది నువ్వు చేసింది కాదు," అంది రోజారమణి.

"కాదండి. దీనక్క సేసింది. నా పక్కన కూకుని నేర్చుకుని మరీ సేసింది. అక్షరాలు ఇంకా పెద్దవి, ఇంకా పెద్దవి అని నా పేణం తోడీసింది. నాన్న కళ్లు చికిలించుకోకూడదు అంది."

రోజారమణి స్లయిడ్లకొచ్చే మామూలు జబ్బులన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. ఇంకో మిషన్లో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాలు పిచ్చిగీతలైపోతాయి. ఆ సంగతి కిరణ్ బాబుకి తెలుసు, మాటలన్నీ బొమ్మలుగా మార్చి పెట్టాడు. స్పీకరు వైర్లు బాగానే ఉన్నాయి. ఇక పాట. పెద్ద పాటలు స్లయిడ్ల ఫైలు లోపల ఇమడవు. పక్కన విడిగా ఉంటాయి, ఫైలు వాటిని పిలుచుకుంటుంది. ఇంకో కంప్యూటరుకి వెళ్లేటప్పుడు ఫైలు పట్టుకెళ్లి పాటను మర్చిపోవడం కొత్తవాళ్లందరూ చేసే తప్పే.

"ఫోల్డరు మొత్తం లాప్‌టాపులోకి ఎక్కించానండి," అన్నాడు కిరణ్ బాబు. "ఆదివారం మధ్యాహ్నం చర్చిలో ట్రయలేస్తే పాట పలికింది కూడా. నేను బయట జనరేటరు దగ్గరున్నాను, సరిగ్గా వినలేదు గాని పలికింది."

"నువ్వు లాప్‌టాపులోకి ఎక్కించడం మర్చిపోయుంటే పాట ఇక్కడుండాలి," అంది రోజారమణి. "ఇక్కడా లేదు. స్లయిడు మాత్రం ఇంకా దాన్ని పిలుస్తానే ఉంది. సార్, ఇది మతిమరుపు కాదు. ఎవరో తీసేశారు."

పెదబాబు స్టూలు మీద వెనక్కి వాలాడు. "క్యాసెట్టులోంచి కంప్యూటర్లోకి పాట నువ్వే ఎక్కించేవా?"

"నేదండి. క్యాసెట్టు నేను సూడనేలేదు. నా దగ్గర టేపు రికార్డరూ నేదు. దీనక్క ఒక మధ్యాహ్నం వొచ్చి, మైకు ఇచ్చి నువ్వెళ్లి భోంచేసి రా, నేను ఎక్కించుకుంటాను అంది. తలుపు కూడా దగ్గరేసుకుంది, బయట ఆటోల గోల గదా."

"వచ్చినప్పుడు ఆమె చేతిలో ఏటున్నాయి?"

"బడి నుంచి షేర్ ఆటోలో తిన్నగా దిగిందండి. భుజానికి బ్యాగు, టిఫిన్ క్యారేజీ. అంతే."

"కూడిక తరవాత ఈ కంప్యూటరు ముందు ఎవరు కూర్చున్నారు?"

"సోమారం కరుణక్క క్వయర్ పాటలు ప్రింటు తీయించుకుంది. పక్కన కూకుంది గాని మౌసు ముట్టుకోలేదు. దీనక్క ఫొటోలు తీసుకెళ్లింది." అతను బిక్కమొహం వేశాడు. "పేరు నాది పోయిందండి. ఫలానా కిరణు కంప్యూటరు దగ్గిరే పాట పోయిందని ఊరంతా అంటన్నారు."

*

కరుణకుమారి ఇల్లు పెదబొడ్డేపల్లి వైపు. కుట్టుమిషను ముందునుంచి లేవకుండానే మాట్లాడింది.

"నేనే తీసేనని మాస్టారు అన్నారు గదా? అననీండి. పెద్దాయన."

"మీరు తీసేరా?" అన్నాడు పెదబాబు.

"మౌసు పట్టుకోడం నాకు రాదండి."

"ట్రయలేసినప్పుడు మీరు అక్కడున్నారు. పాట విన్నారు గదా?"

ఆమె కాలు మిషను మీద ఆగిపోయింది. "రెండు ముక్కలు."

"ఎలాగుంది?"

"బాగుంది." దారం తెంపి, సూది వైపు చూస్తూ అడిగింది. "ఒకవేళ దొరికితే మాస్టారికి వినిపిస్తారేటండి?"

"అందుకే గదా మేం తిరుగుతున్నది."

"వొద్దండి," అంది కరుణకుమారి. "నామీద ఉన్న మాట నామీదే ఉండనీండి. అది వినిపించకండి."

బయటికి రాగానే రోజారమణి ఆగలేకపోయింది. "సార్, ఈవిడే. లేకపోతే వినిపించొద్దని ఎందుకంటుంది?"

"తీసినోళ్లు దొరకదని సంతోషిస్తారు రోజా. ఈవిడ ఏడుపు ఆపుకుంటంది," అన్నాడు పెదబాబు.

*

జీవరాజు గారి ముందుగదిలో టేపు రికార్డరు బల్ల మీద ఉంది. రేడియో కూడా కలిసిన పెద్ద సెట్టు. దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంది. గుడ్డ అంచుల చుట్టూ బల్ల మీద దుమ్ము గీతలా పేరుకుంది.

"అది ఆవిడ కుట్టిన గుడ్డ. ఆవిడ పోయాక దాన్ని అక్కణ్నుంచి కదపలేదు, కదపనివ్వలేదు," అన్నాడు జీవరాజు గారు.

అలమరలో క్యాసెట్లు బారుగా ఉన్నాయి. పెదబాబు ఒకటి తీసి తిప్పి చూశాడు. పైఅంచున చిన్న మూత విరగ్గొట్టి ఉంది. ఆ చిల్లు మీద మందుపట్టీ ముక్క అతికించి ఉంది. ఇంకోటి తీశాడు, అలాగే ఉంది. మరోటీ అంతే.

"ఇదేటి మాస్టారూ, అన్నిటికీ దెబ్బలు తగిలినట్టు పట్టీలేసేరు?"

చాలా రోజుల తర్వాత అన్నట్టు ఆయన మొహం కాస్త విచ్చుకుంది. "ఏ క్యాసెట్టు నింపినా దాని మూత విరగ్గొట్టీడం నాకలవాటు. పొరపాట్న చెరిగిపోకుండా. మళ్లీ అవసరమైతే చిల్లు మీద పట్టీ ముక్కేస్తే సరి, కొత్త క్యాసెట్టే. ఆవిడ మంచానపడి చర్చికి రాలేకపోయేది గదండి. ప్రతి ఆదివారం ఈ సెట్టు మోసుకెళ్లి ఆరాధనంతా రికార్డు సేసుకొచ్చి వినిపించీవోణ్ని. కొత్త క్యాసెట్లు అయిపోతే పాతవాటికి పట్టీ వేసీవోణ్ని."

"ఏ క్యాసెట్టులో ఏముందో ఎలా గుర్తుపడతారు?"

"డబ్బా మీద రాస్తాను. క్యాసెట్టు మీద రాయను, లోపల ఇరుక్కుంటాదని."

రోజారమణి చూపు అలమర వైపు వెళ్లింది. ఒక డబ్బా వేరేగా పెట్టి ఉంది. దాని మీద ఎర్రసిరాతో 'పాట' అని ఉంది, లోపల ఏమీ లేదు. దీనా వంటింటి గుమ్మంలో టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. సన్నటి మనిషి, తల్లి మొహమే. పెదబాబు పట్టీ మీద వేలు రాస్తుంటే ఆమె గ్లాసులు ఇవ్వకుండానే వంటింట్లోకి వెనక్కి తిరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు వాన వెలిసింది. పెదబాబు సైకిలు షాపు ముందు ఆగి, "రోజా, రేపు అందర్నీ మాస్టారింటికి పిలుద్దాం. స్లయిడ్లు నువ్వు సెయ్యి," అన్నాడు. ఏ స్లయిడులో ఏ మాట ఉండాలో చెప్పుకుంటూ పోయాడు. "ఆఖరిది నల్లగా వొదిలీ. దాని మీద ఏటీ రాయకు."

"అన్నిటికంటే ముఖ్యమైంది అదే గదా సార్?"

"ముఖ్యమైంది కాబట్టే. అది మనం సెప్పాల్సింది కాదు."

రోజారమణికి అప్పటికి సగమే అర్థమైంది. మిగతా సగం స్లయిడ్లు చేస్తుండగా అర్థమైంది. ఇందాకటి దాకా దొంగ దొరికితే చాలనుకుంది గాని, ఇప్పుడు దొరక్కపోతే బాగుండుననిపించింది.

*

మర్నాడు సాయంత్రం కిరణ్ బాబు తన కంప్యూటర్ని చంటిబిడ్డను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాడు. జీవరాజు గారి కుర్చీకి దగ్గరగా మానిటరు పెట్టారు. కరుణకుమారి గుమ్మం దగ్గర, వెళ్లిపోవడానికి వీలుగా కూర్చుంది. దీనా గోడకానుకుని నిలబడింది.

మొదటి స్లయిడు వచ్చింది. తెల్లని నేల మీద ఒక్కటే మాట: మిషను తప్పు కాదు.

"మిషను తప్పయితే పాట ఒక చోట పోయేది, ఇంకో చోట దొరికేది," అన్నాడు పెదబాబు. "రెండు చోట్లా పోయింది. మనిషి చేసిన పని."

రెండో స్లయిడు: కిరణ్ బాబు కాదు.

"కిరణు క్యాసెట్టు చూడనేలేదు. పాట పోతే నష్టపోయేది వీడి పేరే. వీడి తప్పల్లా ఆ గిరగిరా తిరిగే అక్షరాలు. దానికి శిక్ష మా రోజా వేస్తాది."

కిరణ్ బాబు కళ్లు తుడుచుకుని నవ్వాడు. మూడో స్లయిడు: కరుణకుమారి కాదు.

"ఈవిడకి మౌసు పట్టుకోడం రాదు. కిరణు కూడా ముట్టుకోలేదనే అన్నాడు. కాని ఈవిడ ఒకటి విన్నాది. ట్రయలేసినప్పుడు పలికిన రెండు ముక్కలూ విని, అది ఎవరి గొంతో పట్టేసింది. ఇన్నేళ్లు పక్కన నిలబడి పాడిన మనిషి గదా. మాస్టారూ, ఆ సంగతి దాచడానికి దొంగ అన్న మాట నెత్తినేసుకుంది."

"ఎవరి గొంతంటే?" అన్నాడు జీవరాజు గారు. "దీనా వాళ్లమ్మది కాదేటి?"

పెదబాబు గుడ్డ కప్పిన సెట్టు వైపు చెయ్యి చూపించాడు. "మీ సెట్టు ఏడాదిగా కదల్లేదు. కిరణు దగ్గర సెట్టు లేదు. దీనమ్మ చేతిలో సెట్టు లేదు. మైకు ముందు ఏ క్యాసెట్టూ పాడలేదు మాస్టారూ. మనిషే పాడింది."

గదిలో అందరూ దీనా వైపు చూశారు. ఆమె తల వంచుకోలేదు.

"నేనే నాన్నా," అంది. "అమ్మలాగ పాడ్దామని సూసేను. చిన్న గదిలో విన్నప్పుడు అమ్మలాగే అనిపించింది. చర్చిలో పెద్ద స్పీకర్లో వింటే నేనే. కరుణత్త నా మొహంలోకి సూసింది. సాయంత్రం సూస్తే నువ్వు అందరికంటే బేగి వొచ్చి కుర్చీ స్పీకరు పక్కకి జరిపించుకుంటన్నావు. నీ కళ్లు మోసపోతాయేమో గాని సెవులు మోసపోవు. అందుకని లాప్‌టాపులోంచి తీసీసాను. సోమారం కిరణు దగ్గిరా తీసీసాను."

"నువ్వెందుకు పాడాలమ్మా?" అన్నాడు జీవరాజు గారు అయోమయంగా. "క్యాసెట్టుంది గదా. పాడైపోతే పాడైందని సెప్పొచ్చు గదా."

"పాడైందంటే ఏదీ ఇలా తే, నేను సూస్తానంటారు మీరు. పెట్టి వింటారు," అన్నాడు పెదబాబు.

రోజారమణి వేలు దానంతటదే మౌసు నొక్కింది. తెర నల్లబడింది.

"ఇక్కడికి నా పని అయిపోయింది మాస్టారూ. ఎవరు తీసేరో తెలిసింది. ఎందుకన్నది మిగిలింది. ఆ స్లయిడు ఖాళీగానే ఉంచమంటే ఉంచీసి ఎల్లిపోతాం. మీ అమ్మాయి మీకోసమే సేసింది, అది నా మాట మీద నమ్మండి. మీ ఇష్టం."

జీవరాజు గారు చాలాసేపు ఆ నల్లతెర వైపు చూశాడు. బడిలో ఒక లెక్కకి జవాబు రాకపోతే గంట కొట్టినా పిల్లల్ని వదలని మనిషి. "క్యాసెట్టు తే అమ్మా," అన్నాడు.

దీనా కదల్లేదు. ఆయన చెయ్యి చాచి అలాగే ఉంచాడు. చివరికి ఆమె బ్యాగులోంచి క్యాసెట్టు తీసి తండ్రి అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు, ఆనలేదు. వేళ్లతో తడిమాడు. బొటనవేలు పైఅంచు మీద నడుస్తూ నడుస్తూ ఒక చోట ఆగింది. పట్టీ ముక్క.

ఆయన వేలు ఆ పట్టీ మీద ముందుకీ వెనక్కీ కదిలింది.

"నేనేనా?" అన్నాడు. "నా సేత్తో నేనే సెరిపీసానా?"

"డబ్బాలు తారుమారయ్యాయి నాన్నా. అమ్మ తన పాట విందామని తీసి వేరే డబ్బాలో పెట్టేసింది. నువ్వు ఆ ఆదివారం అదే పట్టుకెళ్లావు." దీనా వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. "అమ్మకి అప్పుడే తెలుసు. మంచం మీద వింటా గుర్తుపట్టీసింది. నాతో ఒట్టేయించుకుంది, మీ నాన్నకి సెప్పకు అని."

జీవరాజు గారు వెక్కివెక్కి ఏడ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు, ఊళ్లో సగంమందికి చెవి మెలిపెట్టిన మనిషి, అంతమంది ముందు చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే రోజారమణికి కళ్లు నిండిపోయాయి. పెదబాబు కిటికీ వైపు తిరిగి నుదుటి మీది కళ్లజోడు తీసి ఊరికే తుడిచాడు.

"ఒక్క మాటన్నా అనలేదు," అన్నాడు జీవరాజు గారు. "ఉన్న ఒక్క పాటా నాశనం సేసేనే, నన్ను ఒక్క మాట అనకుండా ఎల్లిపోయింది."

"అమ్మకి బాధ లేదు నాన్నా. నేనూ నీలాగే అడిగేను, పాట పోయిందే అని. పాటదేముందే, నేను కావాలంటే ఇప్పుడు పాడతాను, ఈ క్యాసెట్టులో అంతకంటే మంచిది ఉంది, దాన్ని సెరపనివ్వకు అంది."

"ఏటది?"

దీనా తలతిప్పి సెట్టు మీది గుడ్డ వైపు చూసింది. జీవరాజు గారు తల ఊపాడు. ఏడాది తర్వాత ఆ గుడ్డ లేచింది. దీనా దాన్ని మడిచి తండ్రి ఒళ్లో పెట్టి, క్యాసెట్టు వేసింది.

"ఆగమ్మా," అన్నాడు జీవరాజు గారు. రోజారమణి వైపు తిరిగాడు. "ఆవిడ బొమ్మ పెట్టు తల్లీ."

రోజారమణి తన స్లయిడ్లు మూసి దీనా చేసిన స్లయిడు తెరిచింది. నల్లటి నేల మీద కృపాజ్యోతి గారి మొహం వచ్చింది. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. దీనా మీట నొక్కింది.

ముందు టేపు గరగరమంది. ఎక్కడో కాకులు అరుస్తున్నాయి. ఆరాధన మొదలవక ముందు, చర్చి ఆవరణలో, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని మైకు దగ్గరకి నోరు తెచ్చి మాట్లాడినట్టు, సిగ్గుతో కాస్త బిగుసుకుపోయిన మగగొంతు వినిపించింది.

"జ్యోతీ. వినబడతందా? నువ్వు రాలేదని అందరూ అడిగేరు. నీ సోటు ఖాళీగా ఉన్నాది జ్యోతీ. అంతా నీకోసం పట్టుకొస్తాను, విను."

తర్వాత గంట మోగింది, జనం అడుగుల చప్పుడు మొదలైంది. జీవరాజు గారు చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఇదే ఒక్కసారి," అన్నాడు. "అలా పేరెట్టి పిలవడం మా ఇళ్లల్లో ఎక్కడుందమ్మా. ఇదిగో అనీవోణ్ని, దీనా తల్లీ అనీవోణ్ని. పెళ్లయిన కాడ్నుంచీ ఎదురుగా ఒక్కసారన్నా పిలవలేదు. మిషనుకి సెప్పేను గాని మనిషికి సెప్పలేదు."

"అమ్మ అదే రోజూ వేయించుకుని వినేది నాన్నా. అంతవరకే వేసి, వెనక్కి తిప్పమనేది."

ఆయన ఒళ్లోని గుడ్డను నిమురుతూ, "తిప్పు," అన్నాడు.

దీనా టేపు వెనక్కి తిప్పింది. మళ్లీ గరగర, మళ్లీ కాకులు. కరుణకుమారి గుమ్మం దగ్గర్నుంచి లేచి వచ్చి లోపల కూర్చుంది. జ్యోతీ, వినబడతందా అని ఆయన గొంతు మళ్లీ అడిగింది. జీవరాజు గారు మసక కళ్లు ఆ బొమ్మకు దగ్గరగా పెట్టుకుని చెవి ఒగ్గాడు. గదిలో మిగతావాళ్లు కూడా, ఆమె ఇప్పుడేమైనా అంటుందేమో అన్నట్టు, ఆ స్లయిడు వైపే చూస్తూ ఉండిపోయారు.